గంగలో వదిలిన పీట

కాశీకి పోయినవాళ్ళు ఒక కాయ, ఒక పండు గంగలో వదిలేసి రావాలి. ఇష్టమైనవే వదలాలన్నది పెద్దలు పెట్టిన నియమం. మా గద్వాల జనం ఆ నియమాన్ని ఎలా పాటిస్తారంటే, రైలెక్కే ముందే ఇంట్లో కూర్చుని, తమకు బొత్తిగా పడని కూర ఏదో ఆలోచించి పెట్టుకుంటారు. మా వీధిలో కాశీకి పోయొచ్చిన మగవాళ్ళందరూ కాకరకాయ వదిలినవాళ్ళే. అందులో ఒక్కరూ అంతకు ముందు కాకరకాయ తిన్న పాపాన పోలేదు. నేను మాత్రం మగ్గం దగ్గర నా పీట వదిలేసి వచ్చాను. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఎవరికీ కాలు ఒక చోట నిలవలేదు. అందరికంటే నాకు.

ఆ పీట సంగతి ముందు చెప్పాలి. మా గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచులు పట్టు. నూలు పోగునూ పట్టు పోగునూ మగ్గం మీదే ఒకదాన్లో ఒకటి మెలేసి కలుపుతూ నెయ్యాలి. అది ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఒకరు చీరకు ఎదురుగా కూర్చుని, మగ్గం గుంటలో కాళ్ళతో తొక్కుతూ, పోగు చుట్టిన నాడె విసురుతూ నేస్తారు. ఇంకొకరు పక్కన చిన్న పీట మీద కూర్చుని, అంచు నాడె అందుకుని తిరిగి వేస్తుంటారు. ఎదురుగా కూర్చున్న మనిషి నేతగాడు. పక్కన కూర్చున్న మనిషికి పేరేమీ లేదు. మా ఇంట్లో ఎదురుగా కూర్చునేది మా ఆయన శివశంకర్. పక్కన కూర్చునేది నేను. నాకు ముందు ఆ పక్క పీట మా అత్త చిన్నమ్మది, మా మామ నేసిన కాలమంతా.

నాకు నేత రాదనుకునేరు. మా పుట్టిల్లు రాజోలి. పెళ్ళికి ముందే నాన్న మగ్గం మీద ఎదురుగా కూర్చుని నేసినదాన్ని. అత్తారింటికి వచ్చాక పక్కకు జరిగాను. అందరూ జరిగారు, నేనూ జరిగాను.

కాశీ ప్రయాణం మా అత్త కోరిక. కోట దగ్గర టూరు ఆఫీసు పెట్టుకున్న కురుమూర్తి ఎండాకాలంలో జనాన్ని పోగేసి తీసుకుపోతాడు. అత్త, మా ఆయన, నేను పేర్లు ఇచ్చాం. మా అమ్మాయి వర్ష అప్పుడే సెలవులకు ఇంటికి వచ్చింది. వనపర్తిలో పాలిటెక్నిక్ చదువుతుంది, ఇళ్ళు కట్టే చదువు. వాళ్ళ కాలేజీ నడిచేది కూడా పాత రాజుల బంగళాలోనే. సెలవుల్లో వచ్చినప్పుడల్లా ఆ బంగళా మెట్ల గురించీ, కమానుల గురించీ చెప్పి మా బుర్ర తినేస్తుంది. అలాంటి పిల్ల కాశీకి వస్తానంటే మాకే ఆశ్చర్యమేసింది.

"దేవుని మీద భక్తి ఎప్పుడు పుట్టిందే నీకు?" అని అడిగాను.

"భక్తి కాదమ్మా. ఆడ పడవ ఎక్కిచ్చి కట్టడాలన్నీ చూపిస్తరంట. నేను పడవ కోసం వస్త," అంది.

పడవ ఎక్కిన పొద్దున ఎండ ఇంకా ముదరలేదు. కేదారఘాట్ దగ్గర ఎక్కాం. మాకు దొరికిన గైడు సగం గైడు, సగం పంతులు. వాళ్ళ తాతల నాడే కాశీకి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళట. మెడలో రుద్రాక్షలు, చేతిలో చిన్న మైకు. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి హిందీలోకి దిగిపోతాడు, మళ్ళీ గుర్తొచ్చి పైకి వస్తాడు.

"అదిగో, దర్భంగా రాజుల మహల్. ఆ బురుజులు చూడండి. అమ్మా, మీరు గల్లీలోంచి నడిచి పోతే దీని వీపు కూడా కనిపించదు. కాశీ తన ముఖం గంగ వైపు పెట్టుకుని కూర్చుంది. కాశీలో ఉన్నవాళ్ళకి కాశీ కనిపించదు. పడవ ఎక్కి ఎదురుగా వస్తేనే కనిపిస్తుంది," అన్నాడు.

నిజమే. ముందు రోజంతా ఆ గల్లీల్లో ఆవుల మధ్య, బండ్ల మధ్య ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని తిరిగాం. నాకు గోడలు, మురుగు తప్ప ఏమీ కనిపించలేదు. ఇప్పుడు నీళ్ళ మీది నుంచి చూస్తే మెట్లు, మెట్ల మీద కోటలు, కోటల మీద గోపురాలు, అన్నీ వరసగా నిలబడి మా వైపే చూస్తున్నాయి.

వర్ష నా పక్కన కూర్చోలేకపోతోంది. లేస్తుంది, పడవ ఊగుతుంది, పడవవాడు అరుస్తాడు, కూర్చుంటుంది.

"కింద కిటికీలే లేవు చూడమ్మా! వరద ఎక్కేంత ఎత్తు దాక ఉత్త గోడనే. ఆ పైన మొదలువెట్టిండ్రు కిటికీలు. ఎంత తెలివి!"

మానమందిర్ దగ్గర చెక్కిన రాతి బాల్కనీ చూసి నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. ఇంకొంచెం ముందుకు పోయాక నీళ్ళలోకి ఒరిగిన ఒక గుడి కనిపించింది. సగం దాకా బురదలో ఉంది. గైడు మైకు సర్దుకుని దాని కథ చెప్పాడు. ఎవరో కొడుకు తన తల్లి కోసం ఆ గుడి కట్టించి, "అమ్మా, నీ రుణం తీరిపోయింది" అన్నాడట. అన్న మరుక్షణమే గుడి ఒరిగిపోయిందట. తల్లి రుణం తీరదు కాబట్టి. మా అత్త రెండు చేతులూ జోడించింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"రుణం కాదు నాయినమ్మా. కింద పునాది కుంగింది, గంతే," అంది వర్ష.

అత్త దాని తొడ మీద ఒక్కటి వేసింది. "కాశీకి వచ్చిన గూడ నీ పునాదులేందే!"

గైడు నవ్వి, "పాప చెప్పింది కూడా నిజమే. ఆ పక్క ఘాటు కూడా బరువుకు కుంగిందే," అన్నాడు. అంతే, వర్ష అతణ్ణి వదల్లేదు. ఏ రాయి, ఎంత లోతు తవ్వారు, మెట్ల కింద ఏముంది అని అడుగుతూనే ఉంది. అతనికి సగం తెలుసు, సగం తెలియదు. తెలియనిది తెలియదని ఒప్పుకున్నాడు. మా అమ్మాయి ముఖం చూస్తే నాకు భలే సంతోషమేసింది, దాని వెనకే ఏదో ఉక్రోషం కూడా. పెళ్ళయ్యాక నేను ఏ వస్తువునూ అంత ఇష్టంగా, ఎదురుగా నిలబడి చూసి ఎరగను. చీరనైనా సరే. పక్క పీట మీది నుంచి నాకు కనిపించేది జానెడు అంచు. ఇన్నేళ్ళుగా నా చెయ్యి పడని చీర మా ఇంట్లోంచి పోలేదు. కానీ మగ్గం మీద చీర ఎదురుగా ఎలా పెరుగుతుందో నేను మా ఆయన ముఖం చూసి ఊహించుకోవలసిందే.

గంగ నడిమధ్యకు వచ్చాక పడవ ఆపారు. గైడు మైకు పక్కన పెట్టి పంతులయ్యాడు.

"వదిలేవాళ్ళు దోసిట్లో నీళ్ళు తీసుకోండి. ఏమి వదిలారో చెప్పి గంగలో పొయ్యండి."

ముందు మా అత్త. ఆమె మామిడిపండు వదిలింది. అత్తకు మామిడిపండంటే ప్రాణం. అదీ వైశాఖ మాసంలో, ఇంటి దగ్గర బుట్టలో పళ్ళు మాగుతుండగా. మా ఆయన తటపటాయించకుండా "కాకరకాయ, రేగుపండు" అని పోసేశాడు. నేను దోసిట్లో నీళ్ళు పట్టుకుని ఏమి వదలాలా అని ఆలోచిస్తున్నాను. ఈ లోపల ఆయన నా వైపు తిరగనైనా తిరక్కుండా గైడుతో అన్నాడు.

"మా ఇంటామె వంకాయ వదుల్తది. సీతాఫలం గూడ."

వంకాయ నాకు ఎంత ఇష్టమో ఆయనకు తెలుసు. సీతాఫలం అంతకంటే ఇష్టమనీ తెలుసు. తెలిసే అన్నాడు, నియమం ప్రకారం ఇష్టమైనవే కదా వదలాలి. చెడ్డ ఉద్దేశంతో అనలేదు, నాకు బదులు మాట్లాడటం ఆయనకు అలవాటు, అంతే. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది.

"మగ్గం కాడ పక్క పీట వదిలిన," అన్నాను. నీళ్ళు గంగలో పోసేశాను.

గైడు నా ముఖం చూసి, "అదేం కాయమ్మా?" అన్నాడు.

పడవలో ఉన్న మా ఊరివాళ్ళంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. మా ఆయన కూడా అప్పుడు తిరిగాడు.

"ఏమన్నవ్?"

"ఇన్నవ్ గద."

"గంగల గట్ల అంటరా ఎవరన్న?"

"అన్న."

ఆ మాట అనే క్షణం దాకా అది నా లోపల ఉందని నాకు తెలియదు. అన్న తర్వాత భయమేసింది. తర్వాత గైడు ఏ మసీదు చూపించాడో, ఏ మహల్ చూపించాడో నాకు గుర్తు లేదు.

గద్వాలకు వచ్చిన మర్నాడు పొద్దున మొదలుపెట్టి వదిలిన చీర మగ్గం మీద ఎదురుచూస్తోంది. కాశీ కోపం రైల్లోనే చల్లారిపోయింది. పీట మీద కూర్చోబోయాను. మా అత్త వంటింట్లోంచి పరుగు లాంటి నడకతో వచ్చింది.

"ఆగు! కూసోకు! గంగమ్మకు మాటిచ్చి ఎట్ల కూసుంటవే?"

"కోపంల అన్న అత్తా."

"కోపంల అన్నా, నవ్వుకుంట అన్నా, నీళ్ళు పోసినవా లేదా?"

పోశాను. మా ఆయన వైపు చూశాను. ఆయనకు దేవుళ్ళంటే పెద్ద పట్టింపు లేదని పైకి చెప్పుకుంటాడు కానీ, ఆయన ముఖం కూడా పాలిపోయింది. కూర్చోమని ఒక్క మాట అనలేదు. మా ఇంట్లో ముగ్గురం ముగ్గురమే. ఒకరికి మించి ఒకరికి భయం.

ఆ వార్త వీధంతా పాకింది. పక్కింటి యమున పని కట్టుకుని వచ్చి కూర్చుంది.

"పీట వదిలినవ్ సరె, నాడెల పెట్టే నూలు కండెలు చుట్టొచ్చా?"

"కండెలకు పీటకు ఏం సంబంధం?" అంది అత్త. "చుట్టొచ్చు."

"మరి వంకాయ?"

దాని మీద పెద్ద చర్చే జరిగింది. వంకాయ వదిలినట్టు చెప్పింది మా ఆయన. నేను చెప్పలేదు. చివరికి యమునే తీర్పు చెప్పింది, ఎవరి నోటి నుంచి వచ్చిందో వాళ్ళకే చెల్లుతుందని. అంటే కాకరకాయ, రేగుపండుతో పాటు వంకాయ, సీతాఫలం కూడా మా ఆయన ఖాతాలోనే పడ్డాయి. ఆ మాట విని నేను ఆ రోజే గుత్తివంకాయ చేశాను. ఆయన కంచంలో పప్పు వేశాను. వంకాయ కూర వాసన వచ్చిన వైపు ఒకసారి చూసి, తల వంచుకుని తిన్నాడు.

నవ్వు అక్కడితో అయిపోయింది. చీర మీద పని ఆగింది. శ్రావణం పెళ్ళిళ్ళకని సావుకారి అడిగిన పెద్దంచు చీర అది. మా ఆయన పక్కన కూర్చోవడానికి ఒక మనిషిని మాట్లాడుకొచ్చాడు. అతను రెండు పూటలు కూర్చుని, నడుము పట్టిందని అయిజలో బట్టల కొట్టులో పనికి పోయాడు. ఈ కాలంలో పక్క పీటకు మనిషి దొరకడం ఎంత కష్టమో వీధిలో ఏ మగ్గాన్ని అడిగినా చెబుతుంది. నేను ఇల్లంతా తిరుగుతున్నాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్నాను. నీళ్ళు పట్టే బిందె పట్టుకుని వీధిలోకి పోయి, నల్లా రోజు కాదని గుర్తొచ్చి తిరిగి వస్తున్నాను. చేతులకు పని కావాలి. కండెలు చుడితే చాలడం లేదు.

ఒక పొద్దున మగ్గం చప్పుడు వినిపించింది. వాకిట్లో నిలబడ్డదాన్ని లోపలికి పోయి చూశాను. పక్క పీట మీద వర్ష కూర్చుని ఉంది.

"నాలుగు దినాలు నేను కూసుంట అమ్మా. నాయిన పరేషాన్ అయితుండు," అంది. ఊరికే ఉండటం దానికీ చేత కాదు.

మొదటి రోజు పోగులు తెంపింది. మా ఆయన కసిరాడు. రెండో రోజు తెంపలేదు. వారం తిరిగేసరికి దాని చెయ్యి నా చెయ్యి కంటే చురుకైంది. అబద్ధం ఎందుకు, చూస్తుంటే ముచ్చటేసింది. మా ఆయన పొంగిపోయాడు. వీధిలో ఎవరు కనిపించినా అదే మాట.

"మా వర్ష చెయ్యి చూడాలె. పుట్టుకతోనే వచ్చింది. కాలేజీల గిట్లాంటిది నేర్పుతరా?"

నాకు మొదట్లో అది తండ్రి మురిపెంగానే అనిపించింది. సెలవులు అయిపోతే పిల్ల పోతుంది కదా అనుకున్నాను. చీర కూడా సగం దాటింది.

ఎండలు బాగా ముదిరిన ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గం గుంటలో చల్లగా ఉంటుందని వర్ష అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. నేను విసనకర్రతో పక్కన చేరాను. ఫోనులో కాశీ ఫోటోలు తీసి చూస్తుందేమో అనుకున్నాను. అంతకు ముందు ఏ కాస్త సందు దొరికినా ఆ ఒరిగిన గుడిని పెద్దది చేసి చూసేది. ఫోను పక్కనే ఉంది, ముట్టుకోవడం లేదు.

"ఏందే గట్ల కూసున్నవ్?"

"ఏం లేదమ్మా."

"కాలేజీ ఎప్పుడు తెరుస్తరు?"

"వచ్చే సోమారం." కొంచెం ఆగి, చేతి వేళ్ళు చూసుకుంటూ అంది. "అమ్మా, నాకు అలవాటైతుంది."

ఆ మాటలో బాధ లేదు. ఏడుపు లేదు. అందుకే నా చేతిలో విసనకర్ర ఆగింది. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మా అమ్మ రాజోలి నుంచి వచ్చి ఎట్లున్నవే అని అడిగితే, నేనూ అచ్చం ఆ మాటే అన్నాను. నేను లేచి వచ్చేసిన పీట ఖాళీగా ఉండదని ఎందుకు ఆలోచించలేదు? నా కోపానికి నా బిడ్డను కట్టేశాను.

ఆ సాయంత్రమే మా ఆయనను అడిగాను. "సోమారం వర్ష పోవాలె."

"పోతది. ఈ చీర దిగనీ."

"చీర దిగాలంటే ఇంకా వారం పడ్తది."

"వారం ఆలస్యంగా పోతే కాలేజీ ఏమన్న మునుగుతదా?"

సోమవారం వచ్చింది, పోయింది. చీర దిగింది. అంతా చూసి బాగుందన్నారు. నేను వర్ష బట్టలు సర్దడం మొదలుపెట్టాను. సర్దుతుండగా మగ్గం దగ్గర ఏదో అలికిడైతే తొంగి చూశాను. మా ఆయన కొత్త నిలువు పోగుల పడుగు తెచ్చి పాత పోగులకు ఒక్కొక్కటే అతుకుతున్నాడు. అది మూడు చీరల పడుగు. అది ఎక్కిందంటే దసరా దాకా మగ్గం దిగదు. వర్ష ఆయన పక్కన కూర్చుని పోగులు అందిస్తోంది.

ఆయన నన్ను చూసి, చూడనట్టు మళ్ళీ పనిలో పడ్డాడు. వర్షను పంపే ఆలోచన ఆయనకు లేదని ఆ పడుగే చెప్పేసింది.

మా అత్త దగ్గరకు పోయి కూర్చున్నాను. "అత్తా, నేను పీట ఎక్కుత. పాపం తగిల్తే నాకు తగలనీ. పిల్ల పోవాలె."

అత్త ముఖం ఎర్రబడింది. "పాపం నీకే తగుల్తదని ఎవరు చెప్పిండ్రు? పిల్లకు తగిల్తే?" అని, కాసేపటికి గొంతు తగ్గించింది. "కమలా, బుట్ట నిండ పండ్లు నా ముందరనే మాగినయ్. నాకు నోరు ఊరలేదనుకున్నవా? మాట మాటే."

ఆ ముసలామె ఆ ఎండాకాలమంతా మామిడి ముక్క నోట పెట్టలేదు. ఆమె ముందు నేనేం వాదిస్తాను? కోటలో కేశవస్వామి గుడికి పోయి అడిగాను. అక్కడి పంతులు, కాశీలో వదిలింది కాశీలోనే తిరిగి తీసుకోవాలమ్మా, ఇక్కడ మేమేం చెయ్యలేం అన్నాడు. అన్నాక, "ఇంతకూ ఏమి వదిలారు?" అని అడిగాడు. చెబితే నమ్మడని చెప్పకుండా వచ్చేశాను.

తొలకరి పడింది. ఊరి చుట్టూ చేలల్లో పత్తి విత్తనాలు పెడుతున్నారు. వీధిలో పొద్దున లేస్తే చల్లగా ఉంది. ఆ రోజు నాకు మెలకువ వచ్చేసరికి ఆయన వేపపుల్ల నోట్లో పెట్టుకుని పెరట్లోకి పోతున్నాడు. వర్ష ముఖం కడుక్కుంటోంది. నేను ముగ్గు వెయ్యకుండా, పొయ్యి ముట్టించకుండా, మగ్గం గుంటలోకి దిగి ఎదురు పీట మీద కూర్చున్నాను. కాళ్ళు కింద తొక్కుడు కర్రల మీద పెట్టాను. రాజోలిలో పెట్టిన కాళ్ళే.

కొత్త పడుగు నా ముందు తెల్లగా పరుచుకుని ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. రెండంచులూ ఒకేసారి కనిపిస్తున్నాయి. చెప్పకేం, నాకు ఏడుపొచ్చింది.

ఆయన వచ్చి చూసి ఆగిపోయాడు.

"ఏంది గిది? లే. పొద్దెక్కుతుంది."

"ఎక్కనీ. నేను నేస్త."

"పీట వదిలిన అంటివి గద గంగల?"

"పక్క పీట వదిలిన. గిది నాది కాకపాయె, గిది ఎట్ల వదుల్త?"

ఆయన మా అత్త వైపు చూశాడు. న్యాయం ఆమె చెప్పాలన్నట్టు. అత్త గడప మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. ఆమె కాదంటే నేను లేవాల్సిందే.

"ఎదురు పీట మాట రాలేదు పడవల. నేను అక్కడనే ఉంటి," అంది చివరికి.

"మరి పక్కన ఎవరు కూసుంటరు?" అన్నాడు ఆయన.

అప్పటికే వర్ష అలవాటుగా వచ్చి పక్క పీట మీద కూర్చుని నాడె చేతిలోకి తీసుకుంది. నేను దాని వైపు తిరిగాను.

"నువ్వు లే. నీ సంచి సర్ది పెట్టిన. పెబ్బేరు మీదికెళ్ళి వనపర్తి బస్సు ఉంటది, పో."

వర్ష తండ్రి ముఖం చూసింది. ఆయన ఉండమనలేదు, పొమ్మనలేదు. వేపపుల్ల చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. వర్ష నాడె పీట మీద పెట్టి లేచింది. లోపలికి పోయి బట్టలు మార్చుకుని సంచీ భుజాన వేసుకుంది. నాయినమ్మ కాళ్ళు మొక్కింది. గడప దాటేటప్పుడు "పోయొస్త నాయినా" అంది. ఆయన "ఊఁ" అన్నాడు. వీధి మలుపులో ఆటో ఆగిన చప్పుడు, కదిలిన చప్పుడు వినిపించాయి. ఆయన కండువా వేసుకుని అటే పోయాడు, చాయ్ హోటలు వైపు.

నేను కాలు తొక్కి నాడె విసిరాను. నూలు పోగు అంచు దాకా పోయి ఆగింది. అక్కడ దాన్ని పట్టు పోగుతో కలిపే చెయ్యి లేదు. ఒక్క పోగు కూడా ముందుకు నడవదు. అలాగే కూర్చున్నాను. యమున తొంగి చూసి పోయింది. ఇంకెవరో తొంగి చూశారు. వాకిట్లో ఎండ వచ్చింది. పొయ్యి ముట్టలేదు. లేవాలనిపిస్తుంది. లేస్తే మళ్ళీ కూర్చోనివ్వరని లేవలేదు. బిడ్డను పంపానన్న ధైర్యం ఒకవైపు, మగ్గం ఆపేశానన్న భయం ఒకవైపు, నన్ను పట్టుకుని ఊపేస్తున్నాయి.

అంతలో అత్త వచ్చింది. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి మోకాలికి ఆనించి, పక్క పీట మీదికి వంగుతోంది.

"అత్తా, ఏం చేస్తున్నవ్? నీ మోకాళ్ళకు అయితదా?"

"ఎవరన్న ఒకలు కూసోవాలె గద. నేను గిది వదల్లేదు. జరుగు, నాడె ఇయ్యి."

అమ్మాడి, అమ్మా అనుకుంటూ సగం వంగిందో లేదో గడప దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు.

"అమ్మా, లే," అన్నాడు.

"నేను లేస్తే?"

ఆయన వచ్చి తల్లి రెండు భుజాలూ పట్టుకుని లేపి, గోడ పక్కన కూర్చోబెట్టాడు. కండువా తీసి కొక్కానికి తగిలించాడు. పీట వైపు, నా వైపు చూడకుండా పక్క పీట మీద కూర్చున్నాడు. పీట చిన్నది. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు అటూ ఇటూ జరిపాడు. అంచు నాడె తీసుకున్నాడు.

మొదటి పోగు ఆలస్యమైంది. రెండోది తెగింది. ముడేశాడు. నేను ఆగాను. మళ్ళీ వేశాను, మళ్ళీ ఆగాను. అత్త గోడ పక్కన కళ్ళు మూసుకుని వింటోంది. చాలాసేపటికి చప్పుడు కాస్త ఒక దారికి వచ్చింది. అప్పుడు ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"వర్షకు బస్సు దొరికిందో లేదో."

"దొరికే ఉంటది," అన్నాను. "నాడె వెయ్యి."

వేశాడు.